దిగేటప్పుడే

ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు.
మబ్బుల మీద ఉన్నంతసేపూ
పెళ్ళికొచ్చిన వియ్యంకుడిలా కాళ్ళు చాపుకొని
వేణ్ణీళ్ళు పోసిచ్చిన డబ్బా ఉప్మా తింటా.

దిగేటప్పుడే.
విమానం ముక్కు కిందికి వంచిందో లేదో
ఎడమ కనుబొమ్మ పైన, రూపాయి బిళ్ళంత చోట
ఎవరో కంప్రెసర్ ఆన్ చేస్తారు.

చీమకుర్తిలో పదహారేళ్ళు జాక్‌హ్యామర్ పట్టినోణ్ణి.
ఇప్పుడు మార్కర్ని, రాయిని చూసి వెల చెప్పేవాణ్ణి.
కిషన్‌గఢ్‌లో కొన్నాయన బ్లాకులో తెల్ల చార ఉందని పేచీ పెడితే
ఓనరు నన్నే విమానం ఎక్కిస్తాడు.
ఈ నొప్పి నాకు కొత్త కాదు,
నేను వేసిందే.
నీళ్ళు పోయకుండా వేసే పొడి డ్రిల్లు.
కొండ మీదైతే జానెడుకో బెజ్జం,
ఇక్కడ వడ్లగింజ ఎడంలో,
కనుబొమ్మ వెంట నూలు పట్టి గీసినట్టు.
ఆ తరవాత బెజ్జాల్లో ఇనుప చీలలు దింపి
ఈ చివర్నుంచి ఆ చివరికి
నిదానంగా కొట్టుకుంటా పోతాం.
విడిపోయే ముందు రాయి
లోపలెక్కడో టిక్కుమంటది.
సీటు చెయ్యి బిగబట్టుకొని
ఆ టిక్కు కోసం కాచుకొని ఉంటా.

పక్క సీటావిడ భయపడి బటన్ నొక్కింది.
ఎయిర్ హోస్టెస్ పిప్పరమెంటు ఇచ్చి
నమలమంది, మింగమంది,
ముక్కు మూసుకొని గాలి ఊదమంది.
కొండని ఊది పేల్చమన్నట్టుంది.

ఒంగోలు డాక్టరు తల స్కాను తీయించాడు.
నాలుగు వేల ఎనిమిదొందలు.
ఫిల్ము వెలుతురుకి పెట్టి
"నిక్షేపంగా ఉంది మాల్యాద్రీ నీ తల" అన్నాడు.
లోపలి గాలికీ బయటి గాలికీ లెక్క కుదరక
నుదుటి గుల్లలో పడే తగువంట.
పైకి నిక్షేపంగా ఉన్న బ్లాకులు
నేను ఎన్ని చూడలా!
సుత్తితో తట్టి చెవి పెట్టాల.
గంటలా మోగితే గట్టి రాయి,
బొంగురు పోయిందా, లోపల వెంట్రుకంత పగులు.
ఆ రాత్రి అద్దం ముందు నిలబడి
వేలు మడిచి నుదురు తట్టుకున్నా.
తలుపు అవతల నుంచి ఆదెమ్మ
"ఎవురూ?" అంది.

ఈ మాట చెప్తే క్వారీలో అందరూ నవ్వారు.
చెంచయ్య నవ్వలా.
నాతోపాటే డ్రిల్లు పట్టినోడు,
విమానాన్ని కింద నుంచే చూసినోడు.
"ఎంతసేపుంటది అబ్బయా?"
ఇరవై నిమిషాలు.
"ఆనక?"
చక్రాలు నేలకి తగిలినాక పోద్ది,
ఏమీ జరగనట్టే.
గ్లాసులో టీ వణుకుతా ఉండాది,
డ్రిల్లు మానేసి నాలుగేళ్ళయినా.
దగ్గు ఆగేదాకా ఆగి,
"మాకింకా దిగలా" అన్నాడు.

మొన్న రాత్రి మళ్ళీ చెన్నై మీద దిగతన్నాం.
ఎడమ కన్ను మూసుకొని
కుడి కన్ను కిటికీకి ఆనించా.
కింద నల్లగా, నున్నగా,
లోపలంతా బంగారు చుక్కలు.
మా గెలాక్సీ రాయే, పాలిష్ పట్టి పరిచినట్టు!
నొప్పిలో కూడా నోరు ఊరుకోలా,
చదరపు అడుగుకి లెక్క కట్టింది.
నడిమధ్యన దీపాల్లేని ఏరొకటి
వంకర్లు పోతా ఉంది.
హెయిర్ క్రాక్. ధర సగానికి సగం.
ఇంతలో చక్రాలు దబ్బున తగిలినయ్.

సోమవారం ఎర్ర రంగు డబ్బాతో
కొత్త బెంచి ముందు నిలబడ్డా.
గీత గీశాక చూసుకుంటే
సరిగ్గా నా కనుబొమ్మ ఎత్తులో పడింది.
డ్రిల్లు కుర్రోడు ఒడిశా నుంచి వచ్చి నెల కాలేదు,
మూతికి తువ్వాలు కూడా కట్టలా.
"పొడిగా కొట్టమాక, నీళ్ళు పోసి కొట్టు" అన్నా.
వాడు బిట్టు బిగిస్తా
వచ్చీరాని తెలుగులో అడిగాడు:
"రాయి కోసమా సార్, నా కోసమా?"

అప్పటికే కంప్రెసర్ అందుకుంది.
ఏం చెప్పానో
నాకే వినపడలా.